కార్తీకంలో దక్షిణానికి... చైత్రంలో ఉత్తరానికి!

కార్తీక పౌర్ణమికి సముద్ర స్నానం చేసొచ్చిన ప్రతిసారీ మా అత్తగారు ఒక మాట అనేవారు. "మాఘ పౌర్ణమి నాడున్నంత ఉప్పు లేదే ఈ నీళ్లలో!" అని. నాకు నవ్వొచ్చేది. ఒక నెల ఉప్పగా, ఇంకో నెల చప్పగా ఉండటానికి సముద్రమేమైనా మనింట్లో చారా? పెద్దావిడ, నాలుకకి రుచి తెలియడం లేదు కాబోలు అనుకునేదాన్ని. పైకి మాత్రం "అవునండీ అత్తయ్యగారూ" అని తలూపేసి ఊరుకునేదాన్ని.

ఆవిడ మాట అక్షరాలా నిజమని తెలిసేసరికి ఆవిడ లేరు. ఆ సంగతి వైపు నన్ను నడిపించింది మా వీధికి చేపలు తెచ్చే మనిషి.

మాది విశాఖపట్నం. కార్తీకమాసం నెల్లాళ్లూ మా ఇంట్లో చేప ముట్టం. ఆ లెక్క మా చేపలామెకి మాకంటే బాగా తెలుసు. పోలి పాడ్యమి వెళ్లిన మర్నాడు పొద్దున్నే నెత్తిన తట్టతో వీధిలో ప్రత్యక్షమవుతుంది. కొన్నేళ్ల కిందట మాత్రం రాలేదు. ఆ మర్నాడూ లేదు. అయిదో రోజున వచ్చింది. తట్ట లేదు, ముఖంలో కళ లేదు. గుమ్మంలో కూలబడి మంచినీళ్లడిగింది.

వాళ్ల కొడుకు, ఇంకో ముగ్గురు కలిసి ఫైబర్ బోటులో వేటకెళ్లారట. నడిసముద్రంలో ఇంజను ఆగిపోయింది. ఫోనుకి సిగ్నలు లేదు. రాత్రి గడిచినా బోటు రాకపోయేసరికి పేటలో గగ్గోలు. కుర్రాళ్లు తలో దిక్కూ బోట్లు తీయబోతుంటే ఆవిడ మావగారు అడ్డం పడ్డాడట.

"ఈ నెల్లో నీరు దచ్చినానికి లాగుతాది. ఉత్తరం ఎల్లి డీజిలు తగలెయ్యకండి అన్నాడమ్మా మా మావ. ఆ మాటిని అందరూ దచ్చినం ఎల్లినారు. మూడో నాడు మజ్జేనం కాకినాడ ఎదురుగా కనబడ్డారమ్మా! ఐసు కరిగిన నీళ్లు తాగి ఉన్నారు పిల్లలు."

నాకు ఒళ్లు జలదరించింది. "అదే ఏ ఉగాదికో ఇలా జరిగి ఉంటే?" అన్నాను.

"అప్పుడు నీరు ఉత్తరం ఎల్తాది కదమ్మా. కళింగపట్నం ఏపు ఎతకాల" అంది, ఇదీ తెలీదా అన్నట్టు చూస్తూ.

సముద్రం పక్కనే ఇన్నేళ్లు కాపురం చేశాను. నిజంగానే తెలీదు. మీలో ఎంతమందికి తెలుసు? అప్పటి నుంచి తెలిసినవాళ్లని అడిగి, దొరికినవి చదివి తెలుసుకున్న సంగతులు మీతో పంచుకుందామనే ఈ నాలుగు మాటలూ.

అరుగు మీద పారే నది

పాత ఇళ్లకి వీధి అరుగు ఉంటుంది చూడండి, నేలకీ అలాంటి అరుగు ఒకటి సముద్రంలో ఉంది. ఒడ్డు దగ్గర నేల ఒక్కసారిగా అగాధంలోకి పడిపోదు. కొంత దూరం ఏటవాలుగా, మెల్లగా దిగుతుంది. మన పిల్లల భూగోళం పుస్తకాల్లో దీన్నే ఖండతీరపు అంచు అంటారు. విశాఖ ఎదురుగా ఈ అరుగు వెడల్పు సుమారు 40 కిలోమీటర్లు. దాని చివర నీటి లోతు దాదాపు 200 మీటర్లు. అది దాటాక నేల వేల మీటర్ల లోతుకి జారిపోతుంది.

ఈ అరుగు మీదుగా, దాని అంచు వెంబడి తీరానికి సమాంతరంగా ఒక ప్రవాహం నడుస్తూ ఉంటుంది. శాస్త్రవేత్తలు దీన్ని తూర్పు భారత తీర ప్రవాహం అంటారు. నది అయితే ఎప్పుడూ ఒకవైపుకే పారుతుంది. ఇది మాత్రం ఏడాదికి రెండుసార్లు దిక్కు మార్చుకుంటుంది!

ఫిబ్రవరి నుంచి మే దాకా ఇది ఒరిస్సా వైపు, అంటే ఉత్తరానికి పోతుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో జోరు ఎక్కువ. జూన్ నుంచి సెప్టెంబరు దాకా బలం తగ్గి, ఒకచోట అటు, ఒకచోట ఇటుగా ఉంటుంది. అక్టోబరు వచ్చేసరికి దక్షిణానికి తిరుగుతుంది. నవంబరులో ఉధృతం. డిసెంబరు దాటాక నెమ్మదించి, మళ్లీ ఉత్తరానికి తిరగడానికి సిద్ధమవుతుంది. మన లెక్కలో చెప్పాలంటే కార్తీకంలో దక్షిణానికి, చైత్రంలో ఉత్తరానికి అన్నమాట.

మామూలుగా ఉన్నప్పుడు సెకనుకి అర మీటరు నడుస్తుందనుకోండి. మన నెమ్మది నడక కంటే తక్కువే. కానీ దానికి అలుపు లేదు, నిద్ర లేదు. రోజుకి 43 కిలోమీటర్లు, మూడు రోజులకి 130 కిలోమీటర్లు. విశాఖ నుంచి కాకినాడకి సముద్రం మీద దూరం దాదాపు అంతే! చేపలామె కొడుకు అక్కడ ఎలా తేలాడో ఇప్పుడు అర్థమైంది కదా. జోరు మీదున్నప్పుడు సెకనుకి మీటరు దాకా కూడా పోతుంది.

ఇక్కడ ఒక్క జాగ్రత్త చెప్పాలి. బీచికెళ్లినప్పుడు పిల్లల్ని లోపలికి లాక్కుపోయే నీళ్లు ఈ ప్రవాహం కాదు. కెరటాలు ఒడ్డుకి తెచ్చిన నీరు ఒక సన్నటి పాయలా గబగబా వెనక్కి వెళ్తుంటుంది. ఆ లాగుడు వేరు, అది ఏ నెలలోనైనా ఉండొచ్చు. అందులో చిక్కుకున్నవాళ్లు ఒడ్డుకేసి ఎదురీదితే అలిసిపోతారు. ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, లాగుడు తప్పాక ఒడ్డుకి రావాలి. ఈత రానివాళ్లు మోకాలు లోతు దాటకపోవడమే మేలు.

అత్తగారి నాలుక అబద్ధం చెప్పలేదు!

ఇప్పుడు ఉప్పు సంగతికొద్దాం. ఆషాఢం, శ్రావణం, భాద్రపదం... ఈ నెలల్లో గంగ, బ్రహ్మపుత్ర వరద నీళ్లు బంగాళాఖాతం పైభాగంలో వచ్చి పడతాయి. మహానది, గోదావరి కూడా తమ వంతు కలుపుతాయి. ఆ మంచినీళ్లన్నీ ఎటు పోతున్నాయి? చాలాకాలం దీనికి సరైన కొలతలు లేవు. సముద్రమంతా ఓడలేసుకుని ఏడాది పొడవునా తిరగాలంటే మాటలా!

గోవాలో ఉన్న జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ వాళ్లు ఒక చక్కటి ఉపాయం ఆలోచించారు. 2005 మే నుంచి మన దేశ తీరం వెంబడి ఎనిమిది చోట్ల మత్స్యకారులకే ఆ పని అప్పగించారు. చేయాల్సిందల్లా అయిదు రోజులకోసారి మోకాలి లోతు నీళ్లలోకి దిగి కొంచెం సముద్రపు నీరు పట్టడమే. ఆ నమూనాల్లో ఉప్పెంతుందో శాస్త్రవేత్తలు కొలిచారు.

అలా ఏళ్ల తరబడి చేసిన కొలతల ఫలితాలు 2014లో అచ్చయ్యాయి. వానాకాలం చివర్లో బంగాళాఖాతం ఉత్తర భాగంలో కిలో నీటికి ఉప్పు 10 గ్రాములకి పైగా తగ్గిపోతోంది. ఆ తియ్యటి నీరు సముద్రమంతా చెదిరిపోకుండా, తీరాన్ని ఆనుకుని సుమారు 100 కిలోమీటర్ల వెడల్పున ఒక పాయలా దక్షిణానికి దిగుతోంది. దేశం కొస దాకా చేరడానికి రెండున్నర నెలలు పడుతోంది. దీన్ని మోసుకెళ్లేది మనం చెప్పుకున్న ఆ తీర ప్రవాహమే. అందుకే శాస్త్రవేత్తలు దీనికి 'సముద్రంలో నది' అని పేరు పెట్టారు.

మన వంటింటి కొలతల్లో చూద్దామా? మామూలు సముద్రపు నీరు తయారు చేయాలంటే లీటరు నీటికి రమారమి ఆరు చిన్న చెంచాల ఉప్పు వేయాలి. అందులో ఒకటిన్నర, రెండు చెంచాలు తగ్గిస్తే నాలుక పట్టేయదూ? కింద మన దగ్గరికి వచ్చేసరికి ఆ తేడా కొంత తగ్గినా, తెలియకుండా పోదు. మా అత్తగారు ఏ పరికరమూ లేకుండా ఏటా రెండుసార్లు కొలిచి చెప్పారు. నేనే వినలేదు. ఇంకో మాట... కార్తీకంలో విశాఖ తీరంలో మునిగితే ఆ నీళ్లలో కొన్ని గంగ నీళ్లు కూడా ఉంటాయన్నమాట. ఈ ముక్క ఆవిడ విని ఉంటే ఎంత పొంగిపోయేవారో!

గాలి ఒక్కటే కాదు

దిక్కు ఎందుకు మారుతుంది? గాలి వల్ల అని చటుక్కున చెప్పేస్తాం. వేసవిలో నైరుతి నుంచి పైరగాలి తీరం వెంబడి వీస్తుంది, నీటిని ఉత్తరానికి తోస్తుంది. శీతాకాలం ముందు ఈశాన్యం నుంచి వీస్తుంది, దక్షిణానికి తోస్తుంది. నిజమే. కానీ నైరుతి గాలి అన్నిటికంటే బలంగా వీచేది జూన్ నుంచి సెప్టెంబరు దాకా కదా? ప్రవాహం మార్చి, ఏప్రిల్‌లలో ఉరకలేసి, ఆ గాలి నెలల్లో నీరసపడిపోతుంది! అంటే కారణం మన తీరపు గాలి ఒక్కటే కాదు.

1990 దశకం నుంచి జరిగిన పరిశోధనల్లో తేలిందేమిటంటే, బంగాళాఖాతం నడిమధ్య వీచే గాలుల ప్రభావం కూడా ఇక్కడిదాకా వస్తుంది. అంతకంటే విచిత్రం, ఎక్కడో భూమధ్యరేఖ దగ్గర వీచే గాలుల కబురు కూడా వస్తుంది. నిండు గంగాళంలో ఒక అంచున చెయ్యి కదిపితే ఆ కదలిక అంచు వెంబడి చుట్టూ తిరిగి ఇవతలికి రాదూ? అలాగే భూమధ్యరేఖ దగ్గర పుట్టిన కదలిక సుమత్రా దీవిని తాకి, అండమాన్ సముద్రం చుట్టి, బర్మా, బెంగాలు, ఒరిస్సా తీరాల వెంబడి మన దాకా వస్తుంది. దారిలో దానికి కొన్ని వారాలు పడుతుంది. మన ఊరి సముద్రం ఎటు నడవాలో చెప్పేవాళ్లు ఎంత దూరాన ఉన్నారో చూశారా!

చైత్రంలో చల్లనీళ్లు, అక్టోబరులో తుపాన్లు

ఇదంతా మనకెందుకు అంటారా? మన కంచంలోకీ, మన కప్పు మీదికీ వచ్చే సంగతే ఇది.

వేసవి మొదట్లో గాలి తీరం వెంబడి వీస్తున్నప్పుడు, భూమి తిరగడం వల్ల ఒడ్డు దగ్గరి పైనీరు సముద్రంలోపలికి జరుగుతుంది. ఆ ఖాళీలోకి కిందనుంచి చల్లటి నీరు పైకొస్తుంది. అడుగున పేరుకున్న పోషకాలన్నీ దాంతో పాటే వస్తాయి. వాటితో కంటికి కనిపించనంత చిన్న నాచు మొక్కలు పెరుగుతాయి. వాటి మీద ఆధారపడి కవళ్లు, నెత్తళ్లు, వాటిని తింటూ వంజరం లాంటి పెద్ద చేపలు... అదొక పెద్ద వడ్డన! విశాఖ తీరంలో ఈ వైనాన్ని 1950 దశకంలోనే గుర్తించారు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి అమెరికా నుంచి వచ్చిన ప్రొఫెసర్ లాఫాండ్, ఇక్కడి విద్యార్థులతో కలిసి సముద్రాన్ని కొలిచారు. వేసవిలో నీరు పైకి రావడం, వానాకాలం వెళ్లాక కిందికి దిగడం ఆయన రాసిన సంగతులే. ఆయన భార్య కేథరీన్ కూడా బంగాళాఖాతం ప్రవాహాల మీద ఆయనతో కలిసి పరిశోధన వ్యాసం రాశారు.

మన తీరంలో 2015 నుంచి ఏటా ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టి, పిల్లలు పెరిగే కాలం కనక ఆ విరామం. ఆ రెండు నెలలూ చేప ధర మండిపోతోందని మా చేపలామెతో నేనూ బేరమాడేదాన్ని. ఆ రోజుల్లో వాళ్లింట్లో పొయ్యి ఎలా వెలుగుతుందో ఆలోచించాక ఇప్పుడు నోరు రావడం లేదు.

ఇక అక్టోబరు సంగతి. మంచినీరు ఉప్పునీటి కంటే తేలిక. నమ్మకం లేకపోతే ఇంట్లో చేసి చూడండి. గాజు గ్లాసులో సగం దాకా బాగా ఉప్పు కలిపిన నీళ్లు పోయండి. ఇంకో గిన్నెలో మంచినీళ్లలో చిటికెడు మిఠాయి రంగు కలపండి. చెంచా బోర్లించి, దాని మీదుగా రంగు నీళ్లు నెమ్మదిగా జారవిడవండి. రంగు నీరు పైనే తెట్టులా నిలబడుతుంది. పిల్లలకి చూపిస్తే సరదా పడతారు.

వరద నీరు కూడా సముద్రం మీద అలాగే తెట్టు కడుతుంది. అది మూతలా పనిచేస్తుంది. కింద ఉన్న చల్లటి నీరు సులువుగా పైకొచ్చి కలవలేదు. దాంతో పైనీటి వెచ్చదనం నిలిచి ఉంటుంది. తుపానుకి ఆ వెచ్చదనమే ఆహారం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మా ఊరిని ఎలా ఊడ్చిందో చూసినవాళ్లం. ప్రతి తుపానుకీ ఇదే కారణమని కాదు. కానీ తుపాను ఎంత బలపడుతుందో చెప్పాలంటే సముద్రంలో ఉప్పు లెక్క కూడా కావాలి. మోకాలి లోతులో పట్టిన ఆ కాసిని నీళ్ల విలువ అదీ!

ఎటు వెతకాలి?

మళ్లీ మొదటికొస్తాను. బోటు తప్పిపోయినప్పుడు ఒడ్డున మిగిలేది ఆడవాళ్లు. గంగమ్మ తల్లికి మొక్కుకుంటారు, ఒడ్డున నిలబడి చూస్తుంటారు. చేపలామె ఇంట్లో ఒక ముసలాయన అనుభవం నలుగురిని బతికించింది. అలాంటి పెద్దలు అన్ని పేటల్లోనూ ఉండొద్దూ? ఉన్నా, కంగారులో వాళ్ల మాట వినేదెవరు?

ఇప్పుడు ఆ లెక్క కట్టే ఏర్పాటు వచ్చింది. హైదరాబాదులో సముద్రం లేదు గానీ, సముద్రం కబుర్లు చెప్పే ప్రభుత్వ సంస్థ ఉంది. 1999లో మొదలైన ఈ సంస్థ పేరు ఇన్‌కాయిస్. చేపలు ఎక్కడ దొరకొచ్చో ఉపగ్రహాల సాయంతో నీటి వేడినీ, నాచునీ చూసి చెబుతుంది, కెరటాల హెచ్చరికలిస్తుంది. 2016లో సారట్ అనే సాధనాన్ని కూడా తెచ్చింది. మనిషో, బోటో ఎక్కడ, ఎప్పుడు కనబడకుండా పోయిందో చెబితే, అప్పటి ప్రవాహాన్నీ గాలినీ లెక్కగట్టి ఎటు కొట్టుకుపోయి ఉండొచ్చో, ఎక్కడ ముందు వెతకాలో చూపిస్తుంది. ముసలాయన నోటిమాటగా చెప్పినదాన్నే ఇది పటం మీద చూపిస్తుంది. సముద్రం ఏ రోజుకారోజు తీరు మార్చుకుంటుంది, మధ్యలో సుడులుంటాయి, అందుకే నెల గుర్తుతో పాటు ఆ రోజు లెక్క కూడా కావాలి.

అయితే ఏ లెక్కకైనా మనం వివరాలు ఇవ్వాలి కదా. అందుకే వేటకెళ్లేవాళ్లు ఇంట్లో ఉన్న అక్కచెల్లెళ్లకి ఒక్క మనవి. బోటు కదిలే ముందు ఒక కాగితం మీద ఇవి రాసిపెట్టుకోండి. బోటు నంబరు, రంగు. ఎక్కినవాళ్ల పేర్లు. బయల్దేరిన వేళ. ఏ దిక్కున, ఎంత దూరం వెళ్తామన్నారో. ఆఖరిసారి ఫోనులో మాట్లాడిన వేళ, అప్పుడు ఎక్కడున్నామన్నారో. రావలసిన వేళకి రాకపోతే 'ఇంకాసేపు చూద్దాం' అనుకోకండి. కోస్ట్‌గార్డ్ వాళ్ల 1554 నంబరుకి వెంటనే ఫోను చేయండి. ఆలస్యమైన ప్రతి గంటకీ బోటు రెండు కిలోమీటర్లు దూరమవుతుందని గుర్తుంచుకోండి. లైఫ్ జాకెట్లు బోటులోకి ఎక్కాయో లేదో కూడా మీరే చూడండి. మగవాళ్లు బరువని అక్కడే వదిలేస్తుంటారు!

ఈ సంగతులన్నీ రాసుకున్నాక మా చేపలామెకి చదివి వినిపించాను. గంగాళం దగ్గర తలూపింది, భూమధ్యరేఖ దగ్గర ఆవలించింది. 1554 మాత్రం రెండుసార్లు చెప్పించుకుంది. చదువు రాదు కనక, తన ఫోనులో నా చేతే ఎక్కించుకుంది.

"మా కోడలికి కూడా ఎక్కించాలమ్మా. రేపు దాని ఫోను అట్టుకొత్తాను" అంది.

మొన్న కార్తీక పౌర్ణమికి సముద్రానికి వెళ్లాను. మూడు మునకలూ అయ్యాక ఎవరూ చూడకుండా ఒక చుక్క నాలుక మీద వేసుకున్నాను. మాఘ పౌర్ణమికి మళ్లీ వెళ్లి చూడాలి. ఈసారి మా కోడల్ని కూడా వెంటబెట్టుకెళ్తాను. తలూపేసి ఊరుకుంటుందో, నిజంగా వింటుందో చూద్దాం!